మనంలో ఎవరున్నారు

మా ఆఫీసులో ప్రభుత్వం ఒక్కడే. పేరు ఆల్డెన్ క్రెబ్స్. మిగిలిన వాళ్ళమంతా కంపెనీల మనుషులం.

వాషింగ్టన్‌లో రైలు పట్టాల పక్కనున్న పాత సిమెంటు భవనంలో ఆరో అంతస్తు మాది. ఊళ్ళ పైన ఉండే చిన్న చిన్న ఆనకట్టల్లో ఏ ఏడు దేనికి మరమ్మతు డబ్బు ఇవ్వాలో తేల్చే ఆఫీసు. గుమ్మం మీద ప్రభుత్వ ముద్రలోని గద్ద రెక్కలు చాచుకుని ఉంటుంది. దాని కింద నుంచి లోపలికి వెళ్ళేవాళ్ళ మెడల్లో మాత్రం ఆకుపచ్చ గీత బ్యాడ్జీలు. ఆకుపచ్చ గీతంటే కాంట్రాక్టర్. గీత లేని తెల్ల బ్యాడ్జి క్రెబ్స్ ఒక్కడికే ఉంది.

ఒకప్పుడు ఆ అంతస్తు నిండా తెల్ల బ్యాడ్జీలే ఉండేవట. ఒకరు రిటైరైతే ఆ ఖాళీ నింపొద్దన్నారు. ఇంకొకరు పోతే అదీ నింపొద్దన్నారు. ప్రభుత్వం మనుషుల్ని తగ్గించుకుంది కానీ పని తగ్గించుకోలేదు. పనికి ఒక కంపెనీ వచ్చింది. ఆ కంపెనీ పని సరిగా చేస్తోందో లేదో చూడడానికి ఇంకో కంపెనీ వచ్చింది. నాది ఆ రెండో కంపెనీ. మీటింగుల్లో నోట్సు రాస్తాను, స్లైడ్లు చేస్తాను. అదీ ఒక బతుకేనా అంటే, బతుకే. అద్దె కట్టేంత బతుకు.

మొదటి కంపెనీ మనిషి వెర్డెల్ మేహ్యూ. మేరీలాండ్ నుంచి రోజూ రైల్లో వస్తుంది. అరవైకి దగ్గర పడింది. నోరు మంచిదని ఆవిడ కూడా అనుకోదు. ఇరవై ఏళ్ళుగా కిటికీ పక్కన అదే కుర్చీ. కుర్చీ మారలేదు గానీ ఈ ఇరవై ఏళ్ళలో కంపెనీలు నాలుగు మారాయి. టెండరు వేసినప్పుడల్లా కొత్త కంపెనీ గెలుస్తుంది. గెలిచిన వాళ్ళకి పని తెలిసిన మనుషులు ఉండరు కాబట్టి పాతవాళ్ళ మనుషుల్నే తీసుకుంటారు. శుక్రవారం ఒక కంపెనీ మనిషిగా ఇంటికెళ్ళిన వెర్డెల్ సోమవారం ఇంకో కంపెనీ మనిషిగా వచ్చి, అదే సొరుగులో అదే టీ పొట్లాల డబ్బా కోసం వెతుక్కుంటుంది.

"మొగుడు ఒక్కడే నాయనా, కంపెనీలే నాలుగు," అనేది నాతో. "ఆ ఒక్కణ్ణి కూడా టెండరుకి పెడదామనుకున్నా గానీ, ఎవరూ రారని ఊరుకున్నా."

కాంట్రాక్టర్లకి నియమాలుంటాయి. మీటింగులో నోరు విప్పే ముందు "నేను ఫలానా, ఫలానా కంపెనీ కాంట్రాక్టర్ని" అని చెప్పుకోవాలి. ఎవరిదైనా పుట్టినరోజు వస్తే కేకు తినేంత సేపూ పని గంటల్లోంచి కోసుకోవాలి, ప్రభుత్వం మన నోటికి డబ్బివ్వదు కాబట్టి. ఆ కేకు చేసేదీ వెర్డెలే. వెన్న బాగా వేసి, పైన నిమ్మరసం పంచదార పోసి తెచ్చేది. ముక్కలు కోసి అందరికీ పంచి, గడియారం చూసి, "ఇప్పట్నించీ నా ఖర్చు మీద నములుతున్నా," అని కుర్చీలో కూలబడేది.

అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటుంది. పని ఎవరు చేసినా చెయ్యొచ్చు. నిర్ణయం మాత్రం ప్రభుత్వమే చెయ్యాలి. అది ఎలా జరిగేదో నేను రోజూ చూసేవాణ్ణి. వెర్డెల్ మూడు దారులు విడివిడిగా రాసి, ఏ దారిలో లాభమేంటో నష్టమేంటో పక్కన చేర్చి, క్రెబ్స్ గది గుమ్మంలో నిలబడేది. క్రెబ్స్ కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి కాగితం వైపు కాసేపు చూసేవాడు. కళ్ళజోడు లేకపోతే ఆయనకి అక్షరం ముక్క కనపడదు.

"నువ్వైతే ఏం చేస్తావ్, వెర్డెల్?"

"నేనైతే రెండోది."

"సరే, అలాగే కానీ."

సంతకం పడేది. అది అమెరికా ప్రభుత్వ నిర్ణయం.

ఇందులో మోసమేమీ లేదని ఇద్దరూ నమ్మారు. నేనూ నమ్మాను. క్రెబ్స్ మంచివాడే. వెర్డెల్ భర్త కర్టిస్‌కి గుండె ఆపరేషనైనప్పుడు ఆస్పత్రికి వెళ్ళి మధ్యాహ్నమంతా కూర్చుని వచ్చాడు. వాళ్ళిద్దరూ ఆ గుమ్మం దగ్గర మాట్లాడుకుంటుంటే చాలా కాలం కాపురం చేసిన వాళ్ళు కూర ఏం వండాలో అనుకుంటున్నట్టు ఉండేది.

గొడవ కట్లర్స్ ఫోర్క్ ఆనకట్టతో మొదలైంది. అది వెస్ట్ వర్జీనియా కొండల్లో ఓ మట్టికట్ట. మరమ్మతుల వరుసలో మొదటి ఏడాదిలో ఉండాల్సింది మూడో ఏడాదికి జరిగింది. కట్ట కింద భూమి ఎవరిదో ఆ రాష్ట్రం వాళ్ళు తేల్చలేదు. అది తేలకుండా పైసా ఖర్చు పెట్టడానికి లేదు. ఆ డబ్బు అన్నీ సిద్ధంగా ఉన్న ఇంకో ఆనకట్టకి వెళ్ళింది. వసంతం వానలకి కట్లర్స్ ఫోర్క్ కట్ట ఒక పక్క జారింది. దేవుడి దయ, ఎవరూ పోలేదు. చర్చి నేలమాళిగ మునిగింది, ఒకాయన ట్రాక్టరు కొట్టుకుపోయింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నీరు దాని పల్లం అది చూసుకుంది. నిజం తేల్చడానికి మాత్రం, ఇక్కడి పద్ధతి ప్రకారం, ఒక కంపెనీని పెట్టాల్సి వచ్చింది.

అంతదాకా ఎందుకొచ్చిందంటే, చట్టసభ కమిటీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. సభ్యుల తరఫున ప్రశ్నలడిగే ఉద్యోగం. ఎదురుగా క్రెబ్స్, ఆయన పక్కన వెర్డెల్, చివర్న నోట్సు పుస్తకంతో నేను. ఆ అమ్మాయి క్రెబ్స్‌ని అడిగింది, ఆ కట్టని ఎందుకు వెనక్కి జరిపారని. క్రెబ్స్ కళ్ళజోడు పైకి నెట్టి, "వెర్డెల్ చెబుతుంది," అన్నాడు.

వెర్డెల్ నియమం ప్రకారం తన పేరూ కంపెనీ పేరూ చెప్పుకుంది. తర్వాత అంది: "భూమి ఎవరిదో ఆ రాష్ట్రం వాళ్ళు తేల్చలేదమ్మా. అందుకని దాన్ని మూడో ఏడాదికి జరపాలని మనం నిర్ణయించాం."

ఆ అమ్మాయి కలం ఆగింది. "మనం అంటే ఎవరు?"

ఇక్కడ నేనొకటి చెప్పాలి. వీళ్ళ భాషలో మనం, మేము అని రెండు మాటలు లేవు. రెండింటికీ ఉన్నది ఒక్కటే. ఎదుటివాణ్ణి కలుపుకుంటున్నారో, గుమ్మం బయటే నిలబెడుతున్నారో ఆ మాటని బట్టి తెలియదు. చెప్పిన మనిషిని బట్టి తెలుసుకోవాలి. వెర్డెల్ని ఎరిగినవాణ్ణి కాబట్టి నా చెవికి అది 'మనం' అనే వినపడింది. నేనూ, పక్కనున్న ఈ ఆల్డెనూ, ఈ ఆఫీసూ అని. ఆ అమ్మాయికి 'మేము' అని వినపడింది. మేము, కాంట్రాక్టర్లం, ప్రభుత్వాన్ని పక్కన కూర్చోబెట్టి నిర్ణయం చేసేశాం అని.

అప్పుడే క్రెబ్స్ "నేను" అని ఉంటే అక్కడితో అయిపోయేది. ఆయన మంచినీళ్ళ గ్లాసు వైపు చూశాడు.

వారం తిరక్కుండా విచారణ వేశారు. కట్టని వెనక్కి జరపడం తప్పా ఒప్పా అని కాదు. ఆ సంగతి మొదట్నించి చివరిదాకా ఎవరూ అడగలేదు. జరిపిందెవరు అన్నదే విచారణ. కాంట్రాక్టర్ జరిపిందని తేలితే వెర్డెల్ బ్యాడ్జి తీసేసుకుంటారు. అలా ఒకసారి పోయిన బ్యాడ్జి తిరిగి రాదు. ఏ కంపెనీ టెండరు గెలిచినా ఆవిణ్ణి ఆ గద్ద కిందకి తీసుకురాలేదు. ఆ వయసులో ఇంకో చోట పని దొరకడం కల్ల. కర్టిస్ గుండె మందులన్నీ ఆవిడ కంపెనీ బీమా మీదే నడుస్తున్నాయి. భయపడుతున్నట్టు కనపడలేదు గానీ, ఆ వారం టీ పెట్టుకోవడం మర్చిపోయి ఖాళీ కప్పు పట్టుకుని కూర్చునేది.

ఒకరోజు కాఫీ మెషీను దగ్గర క్రెబ్స్‌ని పట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను. నన్ను ఎవరూ లెక్క చెయ్యరు, అది నా ఉద్యోగంలో ఒక సుఖం.

"ఆల్డెన్, నాకోసం పెద్ద సాక్ష్యమేమీ చెప్పక్కర్లేదు. ఒక్క ముక్క. నిర్ణయం నాది అని చెప్పు. చాలు."

"నిజం అదే కదా," అన్నాడు క్రెబ్స్.

"నిజమే అయితే నా వైపు చూసి చెప్పవేం? కాఫీ బూటు మీద పడుతోంది చూడు."

"ఈ శీతాకాలం రాకముందే రిటైరవుతున్నాను వెర్డెల్. నా భార్య సముద్రం ఒడ్డున ఇల్లు చూసిపెట్టింది. ఇప్పుడు పిలిచి, చదవకుండా సంతకం పెట్టావా అంటే నేనేం చెప్పను?"

"చదవకుండా ఎక్కడ పెట్టావ్? నన్నడిగే పెట్టావ్."

"అది ఇంకా అధ్వాన్నం కదా!"

ఇద్దరూ నవ్వారు. వెర్డెల్ ముందుగా ఆపింది. "నవ్వు తర్వాత నవ్వుదాం. చెబుతావా, చెప్పవా?"

"చెబుతాలే. నిన్నొదిలేస్తానా?" అని ఆవిడ భుజం తట్టి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం వెర్డెల్ టీ పెట్టుకుంది.

విచారణకి వచ్చిన కుర్రాడి పేరు డెస్మండ్ లైల్. మర్యాదస్తుడు. మెడలో ఆకుపచ్చ గీత. వెర్డెల్ ఆ గీతని చూసి, "ముల్లుని ముల్లుతోనే తియ్యాలని పంపించారా?" అంది. అతనికి అర్థం కాలేదు, లేదా కానట్టు ఊరుకున్నాడు. వాళ్ళ కంపెనీలో నోట్సు రాసే మనిషి సెలవులో ఉంటే నన్నే అరువు తెచ్చుకున్నారు. అందుకే ఇదంతా నాకు తెలుసు.

ముందు నన్నే అడిగాడు. నేను విన్నది చెప్పాను. ఆవిడ అన్నదాంట్లో క్రెబ్స్ కూడా ఉన్నాడని చెప్పాను.

"అది మీ అభిప్రాయమా?"

"నా చెవులు."

"మీరూ కాంట్రాక్టరే కదా," అని అభిప్రాయం కిందే రాయించాడు. రాసింది నేనే.

తర్వాత వెర్డెల్. "ఆ మాట అన్నప్పుడు అందులో ఎవరెవర్ని కలిపి అన్నారు?"

"నన్నూ, నా పక్క కుర్చీలో ఉన్న మనిషినీ. ఇరవై ఏళ్ళుగా అలాగే అంటున్నా."

"అలా అనొచ్చని మీ ఒప్పందంలో ఎక్కడైనా ఉందా?"

"నీకు పెళ్ళయిందా నాయనా?"

"ఇంకా లేదండీ."

"అయ్యాక రా. ఒప్పందంలో లేనివి ఎన్నుంటాయో అప్పుడు చెబుతా."

అతను నిజంగానే నవ్వాడు. నవ్వుతూనే ఆ జవాబు కొట్టెయ్యమని నాకు సైగ చేశాడు.

చివర్న క్రెబ్స్ వచ్చాడు. ఆ రోజు టై కట్టుకున్నాడు. వెర్డెల్ బయట వరండాలో కుర్చీలో ఉంది. తలుపు అద్దంలోంచి ఆవిడ మోకాళ్ళూ, ఒళ్ళో చేతిసంచీ కనపడుతున్నాయి.

"ఆ మాటలో మీరున్నారా, మిస్టర్ క్రెబ్స్?"

క్రెబ్స్ మంచినీళ్ళు తాగాడు. "కాంట్రాక్టర్లు మాకు సమాచారం ఇస్తారు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. ఆవిడ ఎవర్ని ఉద్దేశించి అన్నారో నేనెలా చెప్పను?"

"మీరు ఆ మాటలో ఉన్నట్టు మీకు అనిపించిందా?"

"లేనట్టే అనుకుంటున్నాను."

"అయితే నిర్ణయం ఎవరిది?"

"ప్రభుత్వానిది."

"అంటే మీదా?"

"ప్రభుత్వానిది," అన్నాడు క్రెబ్స్ మళ్ళీ. పాము చావలేదు, కర్ర విరగలేదు. నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే రాయక్కర్లేదని నా ఉద్యోగంలో లేదు కాబట్టి రాశాను.

క్రెబ్స్ బయటికి వచ్చేసరికి వెర్డెల్ లేచి నిలబడింది. ఆయన నవ్వుతూ, "అయిపోయిందిలే, నీకేం కాదు," అన్నాడు.

ఆవిడ ఆయన మొహం చూసింది. ఏం చెప్పావని అడగలేదు.

ఏం కాలేదన్నది నిజమే. బ్యాడ్జి పోలేదు. ఆవిణ్ణి పంపించేస్తే ఆ ఆఫీసులో పని తెలిసినవాళ్ళు ఎవరూ మిగలరని అందరికీ తెలుసు, లైల్‌కి కూడా. ఒక మాట వాడకంలో వచ్చిన అయోమయం అని తేల్చారు. కాంట్రాక్టర్లు ఇకమీదట ప్రభుత్వాన్ని కలుపుకుని ఆ మాట వాడకూడదన్నారు. ఏ మాట ఎప్పుడు వాడాలో చెప్పడానికి తరగతి పెట్టారు. ఆ తరగతిని ఇంకో కంపెనీకి ఇచ్చారని చెప్పక్కర్లేదు కదా. మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి ఒకావిడ "ప్రభుత్వం నిర్ణయించింది, మేము సహకరించాం" అని పలికించింది. చిన్నప్పుడు ఎక్కాలు చెప్పించినట్టు. వెర్డెల్ ముందు వరసలో కూర్చుని అందరికంటే స్పష్టంగా పలికింది.

విచారణ కాగితాల ప్రతి ఒకటి ఆవిడకీ ఇచ్చారు. తను వరండాలో కూర్చున్నప్పుడు లోపల క్రెబ్స్ ఏమన్నాడో అందులో ఉంది. చదివి, మడిచి, చేతిసంచీలో పెట్టుకుంది. "ఉద్యోగం నిలబడింది కదా," అన్నాను, ఏదో ఒకటి అనాలని. "నిలబడింది నాయనా," అంది. "కర్టిస్‌కి కూడా అదే చెప్పా. సంతోషించాడు."

వేసవిలో క్రెబ్స్ పుట్టినరోజు వచ్చింది. బల్ల మీద షాపు కేకు, పైన నీలం రంగు పువ్వులతో. కోసిన చోటల్లా పొడిపొడిగా రాలింది.

"ఈసారి నువ్వు చెయ్యలేదా?" అన్నాడు క్రెబ్స్.

"కాంట్రాక్టర్లు కానుకలు ఇవ్వకూడదని తరగతిలో చెప్పారండీ," అంది వెర్డెల్. కేకు ముక్క తీసుకోలేదు. పని గంటలు కోసుకోవాల్సిన అవసరమే రాలేదు.

నిజానికి తరగతిలో ఒక్క కేకుకి ఫర్వాలేదనే చెప్పారు. నేను నోట్సులో రాసుకున్నాను కూడా.

ఆకులు రాలే కాలంలో, క్రెబ్స్ వెళ్ళిపోయే రోజులు దగ్గర పడ్డాక, దక్షిణాన సముద్రంలో పుట్టిన తుపాను ఒకటి కొండల మీదకి వస్తోందని తెలిసింది. అత్యవసరం కింద ఉంచిన డబ్బూ, ఒక మరమ్మతు బృందమూ ఉన్నాయి. అపాయంలో ఉన్న కట్టలు మూడు. బృందాన్ని ఒక్కచోటికే పంపగలం. సాయంత్రంలోగా చెప్పాలి.

వెర్డెల్ ఎప్పటిలాగే మూడు దారులు రాసింది. నిజం చెప్పాలంటే ఎప్పటికంటే బాగా రాసింది. ఏ కట్ట కింద ఎంతమంది ఉన్నారు, ఏ దారి నీళ్ళలో మునుగుతుంది, ఏ కట్ట ఎంత పాతది, అన్నీ చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేలా ఉన్నాయి. తీసుకెళ్ళి గుమ్మంలో నిలబడింది.

క్రెబ్స్ కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టాడు. కాగితం వైపు చూశాడు.

"నువ్వైతే ఏం చేస్తావ్, వెర్డెల్?"

"మూడు దారులూ రాశాను, మిస్టర్ క్రెబ్స్. నిర్ణయం ప్రభుత్వానిది."

వేళాకోళం చేస్తోందా అన్నట్టు ఆయన ఆవిడ వైపు చూశాడు. "తలుపు మూసి రా. మనిద్దరమే కదా. చెప్పు."

"మనిద్దరం ఎవరండీ?"

బయట నా వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. ఫోను ఎక్కడో మోగుతోంది, ఎవరూ తియ్యడం లేదు.

"వెర్డెల్, కింద ఊళ్ళున్నాయి. నేను నిజంగా అడుగుతున్నాను."

"నేనూ నిజంగానే చెబుతున్నానండీ. ఊళ్ళ సంగతంతా అందులో ఉంది. ఒక్క ముక్క దాచలేదు. అర్థం కానిది ఉంటే అడగండి, ఎన్నిసార్లైనా చెబుతాను. ఏది ఎంచుకోవాలన్నది మాత్రం నేను చెప్పకూడదు. తరగతిలో సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నా."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని నాకు అనిపించింది. కోపానికైతే ఆయన ఏదో ఒక జవాబు చెప్పుకునేవాడు.

వెర్డెల్ తన కుర్చీలోకి వెళ్ళాక క్రెబ్స్ గుమ్మం దాకా వచ్చి నా వైపు చూశాడు. నేను స్లైడ్ల వైపు చూశాను. ఆయన తలుపు మూసుకున్నాడు. అద్దంలోంచి చూస్తే కళ్ళజోడు ముక్కు మీదకి దింపుకున్నాడు. వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, ఒక్కో వరసా చదువుతున్నాడు. మధ్యాహ్నం భోజనానికి బయటికి రాలేదు. రెండుసార్లు పిలిచి నీటి మట్టాల గురించి అడిగాడు, వెర్డెల్ రెండుసార్లూ వెళ్ళి ఓపిగ్గా చెప్పి వచ్చింది. తిరిగి వచ్చిన ప్రతిసారీ తుపాను ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంది. ఆ కట్టల కింద ఉన్నవాళ్ళు ఆవిడకి కాగితం మీద లెక్క కాదు.

పొద్దు వాలుతుండగా క్రెబ్స్ కాగితం తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు. మొదటి దారి మీద సంతకం. చొక్కా చంకల్లో తడిసింది.

"సరిగ్గా చేశానా?" అన్నాడు.

వెర్డెల్ సంతకం చూసింది, తేదీ చూసింది. "అన్నీ సరిగ్గానే ఉన్నాయండీ. ఇప్పుడే పంపిస్తాను," అంది. పంపించేసింది కూడా. ఆ రాత్రికి బృందం బయల్దేరింది.

క్రెబ్స్ కోటు కోసం లోపలికి వెళ్ళాడు. నేను వెర్డెల్ దగ్గరికి జరిగి మెల్లగా అడిగాను. "నువ్వైనా ఆ మొదటిదే చెప్పేదానివా?"

ఆవిడ టీ డబ్బా సొరుగులో పెట్టి తాళం వేసింది.

"వాళ్ళు నిర్ణయించారు నాయనా," అంది.

లోపల ఉన్నది ఒక్క మనిషే. తెలుగులో అయితే ఒక్క మనిషిని కూడా వాళ్ళు అనొచ్చు, మర్యాద అనుకుని సరిపెట్టుకోవచ్చు. వీళ్ళ భాషలో ఆ సందు కూడా లేదు. కోటు ఒక చేతికి తొడుక్కుని గుమ్మంలోకి వచ్చిన క్రెబ్స్ రెండో చెయ్యి దూర్చుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

"వస్తాను వెర్డెల్," అన్నాడు.

"మంచిదండీ, మిస్టర్ క్రెబ్స్," అంది ఆవిడ, మెడలో బ్యాడ్జి సర్దుకుంటూ.